విశాఖ విజ్ఞానయాత్ర : అందరం వెళ్దాం, అందరం తిరిగి వద్దాం

ప్రతి సంవత్సరం చలికాలం రాగానే మన హాస్టల్లో ఒక మాట మొదలవుతుంది. "ఈసారి టూరు ఎక్కడికి?" అన్నదే ఆ మాట. పది ఊళ్ళ పేర్లు వినిపించినా చివరకు ఎక్కువ చేతులు లేచేది విశాఖపట్నానికే. కారణం సముద్రం. మనలో చాలామంది సముద్రాన్ని సినిమాల్లోనూ, సాంఘికశాస్త్రం పుస్తకంలోని బొమ్మల్లోనూ తప్ప చూసి ఉండరు. మన తల్లిదండ్రులు కూలి కోసం వెళ్ళిన ఊళ్ళు చాలా ఉన్నాయి గాని, చూడడానికని వెళ్ళిన ఊరు ఒక్కటీ ఉండకపోవచ్చు. కాబట్టి టూరు అనేది మనకు సరదా మాత్రమే కాదు. మన ఇళ్ళల్లో ఎవరికీ దొరకని ఒక అవకాశం.

మేము ఈ హాస్టల్లో చదువుకొని, ప్రస్తుతం విశాఖలో పీజీ చేస్తున్న పూర్వ విద్యార్థులం. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. ఈ నగరాన్ని సిటీ బస్సుల్లోనూ, కాలినడకనా తిరిగి తెలుసుకున్న విషయాలను తమ్ముళ్ళకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

టూరు గురించి మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎన్ని చోట్లు చూశామన్నది లెక్క కాదు. హాస్టల్లో ఉన్న ప్రతి ఒక్కరూ వెళ్ళగలగాలి. వెళ్ళిన ప్రతి ఒక్కరూ క్షేమంగా తిరిగి రావాలి. ఈ రెండూ రైలెక్కాక తేలే విషయాలు కావు. మూడు నెలల ముందే కాగితం మీద తేలాల్సిన విషయాలు.

ముందుగా డబ్బు లెక్క

టూరు పేరు చెప్పగానే ప్రతి హాస్టల్లోనూ ఇద్దరు ముగ్గురికి "కడుపునొప్పి" వస్తుంది. ఒకడికి అమ్మమ్మ ఊరు గుర్తుకొస్తుంది. ఒకడు "నాకు బస్సు పడదు" అంటాడు. అసలు సంగతి అందరికీ తెలుసు. ఇంట్లో డబ్బులు అడగలేక ఆ మాట అంటారు. వీళ్ళను వదిలేసి వెళ్ళే టూరు ఎంత బాగా జరిగినా మంచి టూరు అనిపించుకోదు.

దీనికి మార్గం చిన్న మొత్తాలతో ముందుగా మొదలుపెట్టడమే. ఉదాహరణకు 40 మంది నెలకు 50 రూపాయల చొప్పున వేసుకుంటే నెలకు 2,000 అవుతుంది. జూన్ నుండి మార్చి వరకు పది నెలల్లో 20,000 అవుతుంది. ఎవరు ఎంత వేశారన్నది వార్డెన్ గారి పుస్తకంలోనే ఉండాలి గాని గోడ మీద అంటించకూడదు. వేయలేనివాడి వాటా ఈ నిధి నుండి గాని, పూర్వ విద్యార్థుల సహాయం నుండి గాని సర్దాలి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు శాలువాలు కప్పడం మాని, ఒక తమ్ముడి టిక్కెట్టు ఖర్చు అడిగితే ఎవరూ కాదనరని మా నమ్మకం.

ఖర్చులో పెద్ద భాగం రైలు చార్జీ. విజయవాడ నుండి విశాఖకు రైలు మార్గం దాదాపు 350 కిలోమీటర్లు. 2020 మార్చిలో రైల్వేవారు చాలా రకాల రాయితీలను ఆపివేశారు గాని విద్యార్థుల రాయితీని కొనసాగించారు. విజ్ఞానయాత్రకు వెళ్ళే విద్యార్థులకు సెకండ్ క్లాసు, స్లీపరు తరగతుల్లో మూల చార్జీ మీద 50 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం రాయితీ ఉంది. దీనికి స్కూలు హెడ్మాస్టరు గారు లేదా కాలేజీ ప్రిన్సిపాల్ గారు సంతకం చేసిన రైల్వే రాయితీ పత్రం కావాలి. ఈ టిక్కెట్లు స్టేషన్లోని రిజర్వేషన్ కౌంటరులో తీసుకోవాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది కాబట్టి, అంతకు నెల రోజుల ముందే ఆ పత్రం గురించి స్టేషన్లో కనుక్కొని సిద్ధం చేసుకోవాలి. ఆలస్యం అమృతం విషం అన్న సామెత రైలు టిక్కెట్ల విషయంలో అక్షరాలా నిజం.

బస విషయంలో కూడా లాడ్జీల వైపు చూడకముందే వార్డెన్ గారి ద్వారా జిల్లా సాంఘిక సంక్షేమ అధికారి గారికి దరఖాస్తు పెట్టుకోవాలి. విశాఖలో కూడా మనలాంటి వసతి గృహాలున్నాయి. రెండు రాత్రులు ఒక హాలు దొరికినా చాలు. చాపలు, దుప్పట్లు మనవే.

ఎప్పుడు వెళ్ళాలి?

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు మంచివి. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో తుఫానులు వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటి నగరాన్ని అతలాకుతలం చేసింది. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు తోడు ఉక్క. చిన్న పిల్లలు తట్టుకోలేరు.

వారంలో ఏ రోజులన్నది కూడా ముఖ్యమే. జలాంతర్గామి మ్యూజియంకు, జూపార్కుకు సోమవారం సెలవు. తెలియక సోమవారం వెళ్తే గేటు చూసి తిరిగి రావాల్సిందే. అందువల్ల గురువారం రాత్రి రైలెక్కి, శుక్ర, శని, ఆదివారాలు చూసి, ఆదివారం రాత్రి తిరుగు రైలు ఎక్కడం మంచిది. సందర్శన వేళలు, టిక్కెట్టు ధరలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారం ఒకరు ఫోన్ చేసి కనుక్కోవాలి.

దిక్కుల వారీగా పెట్టుకోవాలి

చాలామంది చూడవలసిన చోట్ల పేర్లు ఒక చీటీ మీద వరసగా రాసుకొని ప్లాను అయిపోయిందనుకుంటారు. విశాఖలో ఆ పద్ధతి పనికిరాదు. ఈ నగరం సముద్రానికీ కొండలకూ మధ్య పొడవుగా పెరిగింది. దక్షిణాన పోర్టు, డాల్ఫిన్స్ నోస్ కొండ. ఉత్తరాన తీరం వెంట సుమారు 25 కిలోమీటర్ల దూరంలో భీమునిపట్నం. అరకు అయితే నగరం నుండి వంద కిలోమీటర్లకు పైనే, తూర్పు కనుమల్లో ఉంటుంది. పొద్దున భీమిలి, మధ్యాహ్నం పోర్టు, సాయంత్రం మళ్ళీ రుషికొండ అని రాసుకుంటే రోజంతా బస్సులోనే గడిచిపోతుంది.

కాబట్టి ఒక రోజుకు ఒక దిక్కు. మొదటి రోజు నగరం, రెండో రోజు అరకు వైపు, మూడో రోజు ఉత్తర తీరం. అరకును మధ్య రోజున పెట్టడానికి కారణం ఉంది. ఘాట్ రోడ్డులోనూ, కొండ రైలు మార్గంలోనూ ఆలస్యం మామూలే. చివరి రోజున పెట్టుకుంటే రాత్రి రైలు తప్పిపోయే ప్రమాదం ఉంది.

మొదటి రోజు : ఓడలు, జలాంతర్గామి, విశ్వవిద్యాలయం

స్నానాలు, టిఫిన్లు అయ్యాక పాతనగరం వైపు వెళ్ళాలి. అక్కడ పోర్టు పక్కన ఒకదాని పక్కన ఒకటిగా మూడు కొండలున్నాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. మన హాస్టల్లో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు కాబట్టి ఎవరికీ వెలితి ఉండదు. పైనుండి చూస్తే ఓడలు లోపలికి వచ్చే కాలువ, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కనిపిస్తాయి. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన ఆ కొండ చాటున ఉండడం వల్లనే ఇది మంచి సహజ ఓడరేవు అయింది. 1933లో ఈ రేవు ఓడలకు తెరుచుకుంది. ఇక్కడి షిప్‌యార్డులో తయారైన 'జల ఉష' అనే ఓడను 1948లో నెహ్రూ గారు జలప్రవేశం చేయించారు.

అక్కడి నుండి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. 1926లో స్థాపించిన ఈ విశ్వవిద్యాలయానికి కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి ఉపాధ్యక్షులు. తర్వాత రాష్ట్రపతి అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1931 నుండి 1936 వరకు ఆ పదవిలో ఉన్నారు. టూరు జాబితాల్లో సాధారణంగా విశ్వవిద్యాలయం ఉండదు. మేము మాత్రం దీన్ని తప్పక చేర్చమంటాము. ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకుంటే డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం, సైన్సు విభాగాలు చూడవచ్చు. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఆ గ్రంథాలయం ముందు నిలబడి, "ఇక్కడ ఎవరైనా చదువుకోవచ్చా?" అని అడిగితే, "నువ్వే చదువుకోవచ్చు. మేము చదువుతున్నాం కదా" అని చెప్పడానికి మాలాంటివాళ్ళం అక్కడ ఉన్నాము. ఆ ఒక్క జవాబు కోసమైనా ఈ గంట ఖర్చు పెట్టాలి.

మధ్యాహ్న భోజనం తర్వాత బీచ్ రోడ్డు. ఐఎన్ఎస్ కుర్సుర జలాంతర్గామి మామూలు రోజుల్లో మధ్యాహ్నం పూటే తెరుస్తారు కాబట్టి ఇది సరిగ్గా సరిపోతుంది. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి వరకు పనిచేసింది. 2002 నుండి మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. ఇంత ఇరుకులో డెబ్బై మందికి పైగా సిబ్బంది ఉండేవారు. ట్రంకు పెట్టెల మధ్య పడుకునే మనకు వాళ్ళ కష్టం ఇట్టే అర్థమవుతుంది. లోపల వివరాలు చెప్పేవారు నౌకాదళంలో పనిచేసి రిటైరైన పెద్దలు. "గాలి ఎక్కడి నుండి వచ్చేది? మంచినీళ్ళు ఎలా?" అని అడగండి, సంతోషంగా చెబుతారు. ఎదురుగానే టీయూ-142 విమానం ఉంది. 29 ఏళ్ళు సముద్రం మీద గస్తీ తిరిగిన ఈ విమానాన్ని 2017లో మ్యూజియంగా మార్చారు. దగ్గరలోనే 1971 యుద్ధ విజయ స్మారకం ఉంది. ఆ యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గరలోనే మునిగిపోయింది.

సాయంత్రం ఆర్.కె. బీచ్‌లో ఇసుక మీద కూర్చొని ముంత మసాలా తినవచ్చు. శ్రీశ్రీ పుట్టిన ఊరు ఇదేనని, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేసింది ఈ ఊరి మీదేనని పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెబుతుంటే కాలమే తెలియదు.

రెండో రోజు : బొర్రా, అరకు

విశాఖ నుండి కిరండూల్ వెళ్ళే రైలు తెల్లవారిన కాసేపటికే బయలుదేరుతుంది. బొర్రా చేరడానికి సుమారు మూడు గంటలు. యాభైకి పైగా సొరంగాలున్న ఈ కొండ మార్గం చూడడమే ఒక పాఠం. వెళ్ళేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు ముందే మాట్లాడుకున్న చిన్న బస్సు అయితే చీకటి పడకముందే ఘాట్ దిగవచ్చు.

బొర్రా గుహలు సున్నపురాయి గుహలు. వాన నీరు గాలిలోనూ, మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకొని కొంచెం ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. పైకప్పు నుండి చుక్కగా జారేటప్పుడు కరిగిన సున్నం మళ్ళీ గడ్డకడుతుంది. అలా పై నుండి కిందికి, కింది నుండి పైకి వేల ఏళ్ళపాటు పెరిగినవే మనం చూసే ఆకారాలు. చేతి చెమట, నూనె తగిలితే రాయి పాడవుతుంది కాబట్టి ముట్టుకోకూడదు. మెట్లు తడిగా ఉంటాయి. చెప్పులు జారనివి వేసుకోవాలి. బయట కోతులుంటాయి, చేతిలో తినుబండారాలు కనబడనివ్వకూడదు.

ఈ గుహల దగ్గర ప్రవహించే నది గోస్తని. దాని పేరు పిల్లల చేత నోటు పుస్తకంలో రాయించండి. మరునాడు మళ్ళీ పనికొస్తుంది.

అరకులో గిరిజన మ్యూజియం, కాఫీ తోటలు చూడవచ్చు. బొంగులో చికెన్ రుచి చూడవచ్చు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. అక్కడి గిరిజనులు ప్రదర్శన వస్తువులు కారు. అడగకుండా ఫోటోలు తీయడం, వేషభాషలు చూసి నవ్వడం తగదు. మన వాడలకు ఎవరైనా వచ్చి మనల్ని అలా చూస్తే మనకెలా ఉంటుందో మనకు వేరే చెప్పక్కరలేదు.

మూడో రోజు : భీమిలి నుండి వెనక్కి

ఉత్తర తీరం చూసేటప్పుడు అందరూ దగ్గరి చోటుతో మొదలుపెట్టి దూరం వెళ్తారు. మేము తిరగేసి చెబుతాము. తెల్లవారుజామునే బయలుదేరి ముందు భీమిలి వెళ్ళి, అక్కడి నుండి ఒక్కొక్కటి చూసుకుంటూ నగరం వైపు రావాలి. ఎండ ముదరకముందే నడక ఎక్కువగా ఉన్న చోట్లు అయిపోతాయి. అలసిపోయే సమయానికి బసకు దగ్గరగా ఉంటాము.

భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలుస్తుంది. నిన్న కొండల్లో చూసిన నదే ఇది. మధ్యలో తాటిపూడి రిజర్వాయరు దగ్గర ఆగి, విశాఖకు తాగునీరు ఇచ్చి ఇక్కడికి చేరింది. "నది జన్మస్థానం, గమనం, సంగమం" అన్న పాఠం రెండు రోజుల్లో కళ్ళ ముందే పూర్తవుతుంది. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వ్యాపారం చేశారు. వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే ఇది మున్సిపాలిటీ అయింది.

తిరుగు దారిలో ఎర్రమట్టి దిబ్బలు. సముద్ర మట్టం పెరుగుతూ తగ్గుతూ ఉన్న కాలంలో గాలికి, నీటికి చేరిన ఇసుక ఇది. ఇనుము తుప్పు వల్ల ఎర్రబడింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో దీనికి చోటు దక్కింది. దిబ్బల మీదికెక్కి జారితే కట్టలు విరిగిపోతాయి. బాట మీదనే నడవాలి.

తర్వాత తొట్లకొండ. కొండ రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. సుమారు రెండు వేల ఏళ్ళ క్రితం ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు. వాన నీటిని నిలవ చేసుకొని కొండ మీద జీవించారు. 1988 నుండి 1993 వరకు జరిగిన తవ్వకాల్లో స్తూపాలు, విహారాలు బయటపడ్డాయి. కులం అడగకుండా సంఘంలో చేర్చుకున్న బుద్ధుడి బాట ఇది. అంబేద్కర్ గారు 1956లో నడిచిన బాట కూడా ఇదే. మన హాస్టల్ గోడ మీద ఆయన పటం చూస్తూ పెరిగిన పిల్లలకు ఈ కొండను తప్పక చూపించాలి.

మధ్యాహ్నం రుషికొండ, సాయంత్రం కైలాసగిరి. కొండ మీద నుండి తీరం మొత్తం ఒంపు తిరిగి కనిపిస్తుంది. మూడు రోజులు తిరిగిన చోట్లను వేలుపెట్టి చూపించుకోవచ్చు. అక్కడి నుండి రైల్వేస్టేషనుకు. సింహాచలం, జూపార్కు చూడలేదే అని బాధపడవద్దు. కావాలంటే ఒకటి తీసి ఒకటి పెట్టుకోండి గాని, ఉన్నవాటి మీద మరొకటి ఎక్కించవద్దు.

బాలికల హాస్టల్ చెల్లెళ్ళకూ ఈ ప్లాను పనికొస్తుంది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు దగ్గర ఉంచుకుంటే చాలు.

సముద్రంతో ఆటలు వద్దు

ఇది ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. విశాఖ తీరంలో స్నానానికి దిగి విద్యార్థులు కొట్టుకుపోయారన్న వార్త రాని సంవత్సరం లేదు. వారిలో ఈత వచ్చినవాళ్ళూ ఉన్నారు.

అలలు నీటిని ఒడ్డుకు తోస్తూ ఉంటాయి. ఆ నీరు తిరిగి లోపలికి పోవాలి కదా. కొన్ని చోట్ల అది ఇరుకైన కాలువలా ఏర్పడి, వేగంగా లోపలికి లాగుతుంది. పైకి చూస్తే అక్కడ అలలు విరగవు, నురగ తక్కువ, నీరు నిదానంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కొత్తవాళ్ళు "ఇక్కడ బాగుంది" అని సరిగ్గా అక్కడే దిగుతారు. ఊరి చెరువులో, కాలువలో నేర్చిన ఈత దీని ముందు పనిచేయదు. భయపడి ఒడ్డు వైపు ఎదురీదేవాడు అలసిపోయి మునుగుతాడు. చిక్కుకుంటే ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ లాగుడు దాటాక ఒడ్డుకు రావాలి. అది చేతకాకపోతే తేలుతూ చెయ్యెత్తి కేక వేయాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెంట దూకకూడదు. ఒకడి కోసం నలుగురు పోయేది అక్కడే. తాడో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరాలి, లైఫ్‌గార్డును పిలవాలి, 112కు ఫోన్ చేయాలి.

మన నియమం మాత్రం సులువైనది. మడమ తడిసే వరకే, అదీ పెద్దల ఎదుట, పదిమంది చొప్పున. రాళ్ళ మీద నిలబడి సెల్ఫీలు వద్దు. "సముద్రం దాకా వచ్చి మునగకపోతే ఎలా?" అని ఎవరైనా ఎగతాళి చేస్తే, ఊళ్ళో ఎదురుచూసే అమ్మను తలచుకోండి.

పని అందరిదీ

అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళయితే మోసేవాళ్ళెవరు? పదిమందికి ఒక పెద్ద విద్యార్థిని నాయకుడిగా పెట్టాలి. ఇద్దరిద్దరిని జతలు చేయాలి. బస్సు ఎక్కినా దిగినా లెక్క చూడాలి. ఒకరు జమాఖర్చులు, ఒకరు మందుల పెట్టె, ఓఆర్ఎస్ పొట్లాలు, ఒకరు మంచినీళ్ళు చూసుకోవాలి. ప్రతి పిల్లవాడి జేబులో పేరు, హాస్టల్ పేరు, వార్డెన్ గారి ఫోన్ నంబరు రాసిన చీటీ ఉండాలి. తల్లిదండ్రుల అనుమతి పత్రం రాయించేటప్పుడు వేలిముద్ర వేసే తల్లికి ఎక్కడికి వెళ్తున్నాం, ఎప్పుడు వస్తాం అన్నది చదివి వినిపించాలి.

తిరిగి వచ్చాక ప్రతి ఒక్కరూ ఒక పేజీ రాసి హాస్టల్ గోడపత్రికలో పెట్టండి. జమాఖర్చుల లెక్క కూడా దాని పక్కనే అంటించండి. వచ్చే ఏడాది వెళ్ళేవారికి అదే దారి చూపిస్తుంది.

విశాఖ స్టేషన్లో మీరు దిగే రోజు ముందుగా తెలియజేస్తే, మాలో ఎవరో ఒకరం ప్లాట్‌ఫారం మీద ఉంటాము. దిగినప్పుడు ఎంతమందిని లెక్కపెట్టామో, ఆదివారం రాత్రి ఎక్కించేటప్పుడూ అంతమందినే లెక్కపెట్టి పంపుతాము.